ఐదు పాయింట్ల తెలుగు

కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చేరిన తెలుగువారిని అక్కడివారు ఆ రేవు పేరుతోనే ‘కోరంగీలు’ అన్నారు. బర్మాకు వెళ్లినవారికీ అదే పేరు స్థిరపడింది. పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల పనికి తరలివెళ్లిన కూలీలలో చాలామంది తాము చదవలేని ఒప్పంద పత్రం మీద నిశానీ పెట్టారు. ఎన్నేళ్లు పని చేయాలో, కూలి ఎంతో, తిరుగు ప్రయాణం మాటేమిటో అందులో రాసి ఉండేది. చాలామందికి అందులోని సంగతి తెలిసేది కూలీలను పోగుచేసిన మధ్యవర్తి మాటల్లోనే. అతడు ఎంత చెబితే అంతే ఒప్పందం.

నేడు తెలుగునాట నుంచి ఆస్ట్రేలియాకో, కెనడాకో శాశ్వత నివాసార్హత కోరుతూ దరఖాస్తు చేసుకొనేవారు నిరక్షరాస్యులు కారు. ఇంజనీర్లు, నర్సులు, కంప్యూటర్ నిపుణులు, అకౌంటెంట్లు. ఏళ్ల తరబడి చదువుకొన్నవారు. అయినా తమ పేరుతో దాఖలయ్యే కాగితాలను తాము చదవకుండానే సంతకం చేసేవారు వీరిలోనూ ఉన్నారు. ‘ఏజెంటు చూసుకొంటాడు’ అన్న ఒక్క మాటతో జీవితంలోని అతి ముఖ్యమైన పత్రాన్ని పరుల చేతిలో పెడుతున్నారు. ఇది తెలివితక్కువతనం వల్ల జరుగుతున్నదని నేననుకోను. తాను ఏమి చదివాడో, ఏమి పని చేశాడో తన మాటల్లో తాను చెప్పుకొనే అలవాటు మన చదువుల్లో లేకపోవడమే దీనికి మూలం. నైపుణ్యం ఆధారంగా జరిగే వలస పైకి అంకెల వ్యవహారంగా కనిపించినా నిజానికి భాషా వ్యవహారమని నా అభిప్రాయం. ఆ భాష ఒక్క ఇంగ్లీషే కాదు.

ముందుగా శాశ్వత నివాసార్హత అంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం. అది పౌరసత్వం కాదు. ఒక దేశంలో కాలపరిమితి లేకుండా నివసించడానికి, ఇష్టమైన ఉద్యోగం చేసుకోవడానికి, చదువుకోవడానికి, ప్రభుత్వ వైద్య సదుపాయం పొందడానికి ఇచ్చే అనుమతి. ఆస్ట్రేలియాలో ఈ అనుమతి పొందినవారు పౌరులు కావాలంటే మొత్తం నాలుగేళ్లు చట్టబద్ధంగా అక్కడ నివసించి ఉండాలి. అందులో చివరి పన్నెండు నెలలు శాశ్వత నివాసిగా గడిపి ఉండాలి. ఆ అనుమతితో దేశం విడిచి తిరిగి రావడానికి ఉన్న వెసులుబాటు మొదట ఐదేళ్ల వరకే. ‘శాశ్వతం’ అన్న మాటకు ఇన్ని గడువులున్నాయన్న సంగతి చాలామందికి విమానం ఎక్కిన తరువాతనే తెలుస్తుంది.

అభ్యర్థి యోగ్యతలకు పాయింట్లు వేసి వలసకు ఎంపిక చేసే పద్ధతిని 1967లో కెనడా ప్రవేశపెట్టింది. అంతకు ముందు పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని లోనికి రానివ్వడమో, మానడమో జరిగేది. పుట్టుకను పక్కన పెట్టి చదువునూ వయసునూ పనినీ లెక్కించడం నిస్సందేహంగా ముందడుగు. ఆస్ట్రేలియా కూడా తరువాత ఇదే మార్గం పట్టింది. అక్కడి ఏర్పాటు నాకు బాగా పరిచితమైనది గనుక దానినే ఉదాహరణగా తీసుకొంటాను. ఇవి ఈ వ్యాసం రాసే నాటి నిబంధనలు; మీరు దరఖాస్తు చేసుకొనే వయసు వచ్చేసరికి మారవచ్చు.

అభ్యర్థి చేసే వృత్తి ఆ దేశం ప్రకటించిన వృత్తుల జాబితాలో ఉండాలి. ఆ వృత్తికి సంబంధించిన అధికార సంస్థ అతని నైపుణ్యాన్ని మదింపు చేసి ఆమోదించాలి. కంప్యూటర్ వృత్తులకు ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, ఇంజనీరింగు వృత్తులకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా ఆ పని చేస్తాయి. ఆ తరువాత 2012లో ప్రారంభమైన ‘స్కిల్‌సెలెక్ట్’ విధానంలో ఆసక్తిని తెలియజేయాలి. ఆహ్వానం వస్తేనే వీసాకు దరఖాస్తు చేయవచ్చు. అందుకు అరవై రోజుల గడువు. కనీసం 65 పాయింట్లు లేనిదే ఆహ్వానానికి అర్హత లేదు. అర్హత ఉన్నంత మాత్రాన ఆహ్వానం వస్తుందనీ లేదు. పోటీ వల్ల చాలా వృత్తుల్లో అంతకు మించిన పాయింట్లు కావలసి వస్తున్నది.

ఇరవై ఎనిమిదేళ్ల అవివాహిత ఇంజనీరును ఊహించుకొందాం. ఇరవై ఐదు నుంచి ముప్ఫై రెండేళ్ల మధ్య వయసుకు 30 పాయింట్లు. ఇంజనీరింగు పట్టాకు 15. స్వదేశంలో తన వృత్తిలో ఐదేళ్ల అనుభవానికి 10. ఇంగ్లీషులో మంచి ప్రావీణ్యం చూపితే 10, అత్యున్నత ప్రావీణ్యం చూపితే 20. కేవలం ఉత్తీర్ణత స్థాయిలో ఉంటే సున్న. జీవిత భాగస్వామి లేనివారికి 10. ఇంగ్లీషులో మధ్యస్థంగా నిలిచిన ఈ అమ్మాయికి 75 వస్తాయి. ముప్ఫై మూడో ఏడు రాగానే వయసు పాయింట్లు 25కు, నలభై దాటగానే 15కు పడిపోతాయి. నలభై ఐదేళ్లు నిండినవారికి ఆ ద్వారమే మూసుకొంటుంది. యాభైలలో ఉన్న నాబోటివాడు ఈ లెక్కలో ఎక్కడా రాడన్నమాట. సముద్రం దాటే వయసు తనకు లేదని జాంబవంతుడు కూడా ఒప్పుకొన్నాడు; కాని హనుమంతునికి తన బలాన్ని గుర్తు చేసే పని ఆ ముసలివానికే దక్కింది.

ఈ పట్టికలో చిన్న అంకెగా కనిపించే మరొక అంశం ఉంది. ఆస్ట్రేలియాలో వలస కుటుంబాలు మాట్లాడే భాషలలో ఒకదాని నుంచి ఇంగ్లీషులోకీ, ఇంగ్లీషు నుంచి ఆ భాషలోకీ మాట మార్చి చెప్పగలవారికి 5 పాయింట్లు అదనంగా ఇస్తారు. దానికి ప్రత్యేకమైన పరీక్ష ఉంది. 1977లో ఏర్పడిన ‘నాటీ’ అనే అనువాదకుల, దుబాసీల ప్రమాణ సంస్థ దానిని నిర్వహిస్తుంది. పరీక్ష జరిగే భాషలలో తెలుగు ఒకటి.

దాని విలువ తెలియాలంటే కొంచెం వెనుకటి చరిత్రలోకి వెళ్లాలి. ఇదే ఆస్ట్రేలియా 1901లో ఒక చట్టం చేసింది. లోనికి రాదలచిన వ్యక్తికి అధికారి ఏదో ఒక ఐరోపా భాషలో యాభై మాటల భాగాన్ని చదివి వినిపిస్తాడు. అతడు తప్పు లేకుండా రాయాలి. ఏ భాషలో అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవానికి మరో భాషలో పరీక్ష పెట్టవచ్చు. తెల్లవారు కానివారిని రానివ్వకూడదన్న ఉద్దేశాన్ని నేరుగా చెప్పకుండా భాష మాటున దాచిన చట్టం అది. 1909 తరువాత ఆ పరీక్షలో నెగ్గినవారు ఒక్కరూ లేరు. 1934లో ప్రాగ్ నగరానికి చెందిన రచయిత ఎగాన్ కిష్ అక్కడికి వెళ్లాడు. అతడు నాజీ వ్యతిరేకి. ప్రభుత్వానికి అతని రాక ఇష్టం లేదు. ఓడ దిగనివ్వకపోతే మెల్‌బోర్న్ రేవులో కిందికి దూకి కాలు విరగ్గొట్టుకొన్నాడు. అనేక ఐరోపా భాషలు వచ్చిన అతనికి చివరకు సిడ్నీలో స్కాటిష్ గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. చట్టం ఉద్దేశించిన అర్థంలో అది ఐరోపా భాష కిందికి రాదని అక్కడి హైకోర్టు తీర్పు చెప్పడంతో ప్రభుత్వం నవ్వులపాలైంది. అయినా ఆ పరీక్ష రద్దు కావడానికి 1958 వరకు ఆగవలసి వచ్చింది.

ఒకనాడు మనిషిని గడప బయట నిలబెట్టడానికి అతనికి రాని భాషను వెతికిన దేశం ఈనాడు అతనికి పుట్టుకతో వచ్చిన భాషకు విలువ కట్టింది. ఐదే పాయింట్లు కావచ్చు. కాని వృత్తిలో రెండు మూడేళ్ల అదనపు అనుభవం తెచ్చిపెట్టే లాభం కూడా ఆ పట్టికలో అంతే.

ఆ పరీక్షలో రెండు సంభాషణలుంటాయి. ఒక్కొక్కటి సుమారు మూడువందల మాటలు. ఒకరు ఇంగ్లీషులో, మరొకరు తెలుగులో మాట్లాడతారు. ముప్ఫై ఐదు మాటలకు మించని ఒక్కొక్క ముక్క వినిపించి ఆపుతారు. అభ్యర్థి దానిని రెండో భాషలో చెప్పాలి. వైద్యం, న్యాయస్థానం, ఇంటి అద్దె, బీమా, బడి, బ్యాంకు, ఉద్యోగం వంటివి సందర్భాలు. ఒక్కొక్క సంభాషణకు 45 చొప్పున మొత్తం 90 మార్కులు. విడివిడిగా 29కి తగ్గకుండా మొత్తం 63 రావాలి. ఉన్నది వదిలినా, లేనిది చేర్చినా, అర్థాన్ని మార్చినా మార్కులు పోతాయి.

మన యువకులు ఇందులో తడబడేది చాలావరకు ఇంగ్లీషు ముక్కల దగ్గర కాదు. అర్థం చేసుకొన్నదాన్ని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు. పూచీకత్తు, వాంగ్మూలం, నష్టపరిహారం, గడువు, వాయిదా, వారసుడు - ఇవి ప్రబంధాల్లోని పదాలు కావు. దినపత్రికలో రోజూ కనిపించేవి, కోర్టు ఆవరణలో చెట్టు కింద వినిపించేవి. పదో తరగతి వరకు తెలుగును ఒక సబ్జెక్టుగా భరించి, ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం వదిలించుకొన్నవారికి ఇవి పరాయివి. సంస్కృతం తీసుకొన్నవారిని నేను తప్పు పట్టడం లేదు. ఆ భాష మీద ప్రేమతో తీసుకొన్నవారు ఎందరో, మార్కుల లెక్కతో తీసుకొన్నవారు ఎందరో మీకే తెలుసు. సులువుగా మార్కులు వస్తాయని వదిలేసిన తెలుగును పదేళ్ల తరువాత పాయింట్ల కోసం రుసుము చెల్లించి నేర్చుకొంటున్నారు. ఈ పరీక్షకు తయారుచేసే శిక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటిలో తెలుగువారికి తెలుగు చెబుతున్నారు.

పదాల కన్నా సూక్ష్మమైన చిక్కులూ ఉన్నాయి. ఇంగ్లీషులో చంటిపిల్లవానికీ తాతగారికీ ఒకే సర్వనామం. వైద్యుడు వృద్ధురాలితో అన్న ఆ మాటను తెలుగు చేసేవాడు ‘నువ్వు’ అనకూడదు, ‘మీరు’ అనాలి. ఆ తేడా వైద్యుని నోట లేదు. అది దుబాసీ విచక్షణలో ఉండాలి. ‘ఈ మాత్ర భోజనం తరువాత వేసుకోండి, తల తిరిగితే ఆపేసి ఫోన్ చేయండి’ అన్న వాక్యంలో ‘ఆపేసి’ అన్న ముక్క జారిపోతే పరీక్షలో పోయేది ఒకటి రెండు మార్కులు. ఆసుపత్రిలో పోయేది మార్కులు కావు. ఋష్యమూకం దగ్గర తొలిసారి కలిసినప్పుడు హనుమంతుడు అంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని రాముడు లక్ష్మణునితో ప్రశంసిస్తాడు. వాల్మీకి అక్కడ పరీక్షించినది పండితుణ్ణి కాదు, దూతను.

దుబాసీ వృత్తి మనకు కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పని చేశాడు. దొరల న్యాయమూర్తులకూ దేశీయ కక్షిదారులకూ నడుమ నిలబడి మాట చేరవేయడం ఆయన ఉద్యోగం. 1830లో కాశీకి బయలుదేరి మరుసటి సంవత్సరం తిరిగివచ్చాడు. ఆయన చూసినదంతా రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దారిలోని ఊళ్లు, సత్రాలు, ధరలు, జనుల అలవాట్లు ఆయన కంటికి అంత స్పష్టంగా ఎలా కనిపించాయని ఆలోచించినప్పుడల్లా నాకు ఆ కోర్టు ఉద్యోగమే గుర్తుకు వస్తుంది. ఒకరి మాటను కూడికా తీసివేతా లేకుండా మరొకరికి అందించే పని రోజూ చేసినవాడు తాను చూసినదాన్ని కూడా అలాగే అందిస్తాడు.

ఇక ఇంజనీర్ల సంగతి మరీ విచిత్రమైనది. పలు దేశాల సంస్థల గుర్తింపు ఒప్పందం పరిధిలోకి రాని పట్టా ఉన్నవారు ఇంజనీర్స్ ఆస్ట్రేలియాకు తమ సామర్థ్యాన్ని నిరూపించే నివేదిక పంపాలి. అందులో ప్రధానమైనవి మూడు వృత్తి ఘట్టాలు. ప్రతి ఘట్టంలోనూ తాను స్వయంగా చేసిన పనిని ‘నేను’ అంటూ వివరించాలి. ‘మేము వంతెన రూపకల్పన చేశాము’ అంటే చెల్లదు. ఆ ‘మేము’లో నీ పాలు ఎంత అన్నదే వారి ప్రశ్న. మన పిల్లలకు ఇది కష్టం. ‘నేను చేశాను’ అనడం గర్వమని పెంచాము. ‘అంతా పెద్దల దయ’ అనడం మర్యాదగా నేర్పాము. అది మంచిదే, సభలో మంచిది. నివేదికలో మాత్రం వినయం సమాచారాన్ని మింగేస్తుంది. ‘రూపకల్పన చేయబడినది’, ‘పరిశీలించబడినది’ అని కర్త లేని వాక్యాలు రాస్తారు. ఈ ‘బడు’ ప్రయోగం అసలు తెలుగు నుడికారమే కాదు, ఇంగ్లీషు వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు దించుకోవడం వల్ల పెరిగిన అలవాటు. తెలుగు క్రియ తనంతట తానే కర్తను పట్టి ఇస్తుంది. ‘కొలిచాను’, ‘లెక్క కట్టాను’, ‘తప్పని చెప్పాను’ అన్నప్పుడు ‘నేను’ అన్న మాట లేకపోయినా చేసినవాడు దాక్కోలేడు. తన పనిని మొదట తెలుగులో ఇలా రాసుకొని తరువాత ఇంగ్లీషులోకి మార్చుకొన్న ఇంజనీరు నివేదిక, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన నివేదిక కన్నా నిస్సందేహంగా మెరుగ్గా ఉంటుంది.

అతికించే పని ఎంతగానో జరుగుతున్నది గనుక చెప్పవలసి వస్తున్నది. ఘట్టాలను అమ్మేవారున్నారు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం ఇచ్చేవారున్నారు. ఇతరుల నివేదిక నుంచి ఎత్తిరాసినట్లు తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాక, కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేసుకోనివ్వరు. వీసా దశలో తప్పుడు పత్రమో, తప్పుదారి పట్టించే సమాచారమో బయటపడితే మూడేళ్లపాటు, తానెవరన్న విషయంలోనే మోసం ఉంటే పదేళ్లపాటు ఆ దేశపు వీసాలకు అడ్డు పడవచ్చు. ఆ శిక్ష ఒక్కరికే పరిమితం కాదు. దరఖాస్తులో చేరిన కుటుంబ సభ్యులకూ తగులుతుంది. ‘ఏజెంటు పెట్టాడు, నాకు తెలియదు’ అన్నంత మాత్రాన తప్పించుకోలేరు. చదవలేని కాగితం మీద నిశానీ పెట్టిన కోరంగీ కూలీని చూసి జాలిపడతాము. చదవగలిగీ చదవనివానిని చూసి ఏమనాలో నాకు తోచదు. మధ్యవర్తుల సాయం తీసుకోవద్దని నా ఉద్దేశం కాదు. నిజాయితీగా పనిచేసే సలహాదారులున్నారు. సలహా వారిది కావచ్చు. వాక్యం మాత్రం మనదై ఉండాలి.

అన్ని దేశాలదీ ఒకే దారి కాదు. అమెరికాలో పాయింట్ల పట్టిక లేదు. యజమాని తరఫున అర్జీ, ఆపైన వరుసలో నిరీక్షణ. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏటా మొత్తంలో ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతదేశంలో పుట్టినవారు ఏళ్ల తరబడి ఆగవలసి వస్తున్నది. అక్కడ ప్రతిభ కన్నా జన్మస్థలం బరువైనది. కెనడాలో ఫ్రెంచి వచ్చినవారికి అదనపు పాయింట్లుంటాయి. 2023 నుంచి ఫ్రెంచి ప్రావీణ్యం ఉన్నవారిని ప్రత్యేకంగా కూడా ఎంపిక చేస్తున్నారు. అందుకని మనవారు ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. సంతోషమే.

తెలుగు పాఠ్యపుస్తకంలో విదేశ వలస గురించి రాయడమేమిటని, ఇది పిల్లలను పొమ్మని ప్రోత్సహించడం కాదా అని కొందరు ఆక్షేపించవచ్చు. పొమ్మనడానికీ ఉండమనడానికీ నాకు అధికారం లేదు. ఈ తరగతి గదుల్లో కూర్చున్నవారిలో కొందరు వెళతారు, ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. ఇక్కడ ఉండేవారికీ ఆసుపత్రులున్నాయి, బ్యాంకులున్నాయి, న్యాయస్థానాలున్నాయి. ఇంగ్లీషులో వచ్చిన బీమా పత్రాన్ని నాయనకు తెలుగులో విప్పి చెప్పవలసిన కొడుకు నల్లగొండలోనూ ఉన్నాడు. మరొక ఆక్షేపణ దీనికి ఎదురుది: ఐదు పాయింట్ల కోసం భాషను చదవమనడం భాషను చిన్నబుచ్చడం కాదా? పాయింట్ల కోసం చదివినవాడు పాయింట్లు రాగానే మరిచిపోతాడు, నిజమే. కాని తెలుగుతో విదేశంలో ఏం పని అన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ మేము పోతన పేరో, శ్రీనాథుని పేరో చెప్పి ఊరుకొన్నాము. ఆ ప్రశ్న వేసినవారికి వారు గౌరవించే అంకెల భాషలోనే జవాబు దొరికినప్పుడు, దానిని చెప్పకుండా దాచడం నాకు సమ్మతం కాదు.

పాయింట్లు వచ్చి, వీసా వచ్చి, అక్కడ స్థిరపడిన తరువాత ఈ భాష పని ముగియదు. కూతురి కాన్పుకో, మనుమడిని చూసుకోవడానికో తల్లి వెళుతుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఒక రాత్రి గుండె పట్టేసినట్లుంటే ఆసుపత్రికి తీసుకువెళతారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఫోను ద్వారా దుబాసీని అందించే సేవను 1973లోనే ప్రారంభించింది; అది నేటికీ రాత్రింబవళ్లు నడుస్తున్నది. ఇంటివారు ఉద్వేగంలో మాటలు వదిలేస్తారనీ, కలిపేస్తారనీ, అందుచేత వృత్తి దుబాసీనే పిలిపించుకోమనీ అక్కడి ఆసుపత్రులు చెబుతాయి. ఫోనులో అవతల గొంతు ‘అమ్మా, నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు పాకుతున్నది చెప్పండి’ అని అడుగుతుంది. ‘పాకుతున్నది’ అన్న ఆ మాట తెలిసిన మనిషి ఆ సమయానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి.